మంజూరైన డబ్బు, చేతికొచ్చే డబ్బు

కోల్‌కతాలో ఒక పరిశోధన ప్రాజెక్టులో చేరిన జూనియర్ రీసెర్చ్ ఫెలోకు నెలకు 48,100 రూపాయలు రావాలి. విశాఖపట్నంలో అదే అర్హతతో అదే పని చేసే వారికి 44,400. ఫెలోషిప్ ఇద్దరికీ 37,000 రూపాయలే. తేడా అంతా ఇంటి అద్దె భత్యంలో ఉంది. కేంద్రం లెక్కలో కోల్‌కతా ఎక్స్ తరగతి నగరం గనుక అక్కడ 30 శాతం, విశాఖ వై తరగతి గనుక 20 శాతం. మొదటి రెండేళ్లు జేఆర్ఎఫ్‌గా, మూడో ఏడు 42,000 రూపాయల సీనియర్ ఫెలో (ఎస్ఆర్ఎఫ్)గా లెక్క కడితే మూడేళ్లకు కోల్‌కతాలో 18,09,600 రూపాయలు, విశాఖలో 16,70,400. ఒక్క మనిషి దగ్గరే 1,39,200 రూపాయల తేడా వచ్చింది. విశాఖలో ఉన్న మిత్రుడి బడ్జెట్‌ను చూసి దింపుకున్న కోల్‌కతా ప్రొఫెసరుకు మూడో ఏడాది చివర రెండున్నర నెలల ఫెలోషిప్పుకు డబ్బు ఉండదు.

మన పిల్లలు చాలామంది జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలోనో, ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ (ఐఏసీఎస్)లోనో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనో పరిశోధనకు వెళ్తుంటారు. నాలుగైదు నెలలుగా స్టైపెండ్ రాలేదని ఇంటికి ఫోన్ చేస్తే, ప్రభుత్వం డబ్బు ఇవ్వలేదని తల్లిదండ్రులు అనుకుంటారు. ఒక్కోసారి నిజం అదే. చాలాసార్లు మాత్రం డబ్బు మంజూరై ఉంటుంది, ఏదో ఒక కాగితం దగ్గర ఆగి ఉంటుంది. ఆ కాగితాల సంగతే ఇక్కడ చెబుతున్నాను.

మచ్చుకు ఒక మూడేళ్ల ప్రాజెక్టు తీసుకుందాం. ఫెలో ఖర్చు పైన చెప్పిన 18,09,600. పరికరాలకు 12 లక్షలు, రసాయనాలు, గాజుసామాను వంటి వాడకం సరుకుకు 5 లక్షలు, ప్రయాణాలకు లక్ష, కంటింజెన్సీకి లక్షన్నర. మొత్తం 37,59,600. దీని మీద సంస్థ నిర్వహణ ఖర్చులకు 10 శాతం ఓవర్‌హెడ్ అనుకుంటే 3,75,960. అంతా కలిపి 41,35,560 రూపాయలు. పత్రికలో ‘41 లక్షల ప్రాజెక్టు’ అని వార్త వస్తుంది. పీఐ అనిపించుకునే ప్రధాన పరిశోధకుడి చేతిలో మాత్రం 41 లక్షలు ఏనాడూ ఉండవు. ఆయన దగ్గర ఉండేవి అయిదు పద్దులు, వాటిని విడదీసే గోడలు. ప్రయాణాల పద్దులో మిగిలిన 60 వేలు పరికరాల పద్దుకు మళ్లాలంటే నిధులిచ్చిన సంస్థ అనుమతి కావాలి. ఆ ఉత్తరం రాయకుండా ఖర్చు పెడితే ఆడిటర్ ఆ బిల్లును తిప్పికొడతాడు.

బడ్జెట్ రాసిన రోజున ఉన్న ధరలు ప్రాజెక్టు ముగిసేదాకా నిలవవు. 2023 జనవరి 1 నుంచి జేఆర్ఎఫ్ 31,000 నుంచి 37,000కు, ఎస్ఆర్ఎఫ్ 35,000 నుంచి 42,000కు పెరిగాయి. పెంచడం న్యాయమే, అంతకుముందే పెంచాల్సింది. అయితే 2022లో పాత రేట్లతో మంజూరైన మూడేళ్ల ప్రాజెక్టును కొత్త రేట్లతో లెక్కిస్తే, అద్దె భత్యం కలపకుండానే 2,28,000 రూపాయలు తక్కువ పడతాయి. ఆ తేడా ఇవ్వమని సవరించిన లెక్కతో అడగాలి. అడగాల్సింది ఎవరో, ఏ పద్దు కింద అడగాలో తెలియక ఏడాది గడిచిపోయిన ప్రాజెక్టులు ఉన్నాయి.

పన్నుదీ అదే కథ. పరిశోధన సంస్థలు కొనే శాస్త్రీయ పరికరాలకు 2022 జూలై 17 దాకా 5 శాతం రాయితీ జీఎస్టీ ఉండేది. మర్నాటి నుంచి ఆ రాయితీ పోయి చాలా పరికరాల మీద 18 శాతం పడింది. 10 లక్షల యంత్రానికి 10.5 లక్షలు మంజూరు చేయించుకున్నవాళ్లకు బిల్లు 11.8 లక్షలైంది. 2025 సెప్టెంబరు 22న రేట్లు మళ్లీ మారి, భౌతిక, రసాయన విశ్లేషణకు వాడే కొన్ని పరికరాలు 5 శాతానికి వచ్చాయి. పరిశోధన గ్రాంట్ల మీదే జీఎస్టీ కట్టాలంటూ 2024లో ఢిల్లీ ఐఐటీ వంటి సంస్థలకు నోటీసులు వెళ్లాయి. ఢిల్లీ ఐఐటీకి వెళ్లినది సుమారు 120 కోట్ల రూపాయలకు. అదే ఏడాది సెప్టెంబరు 9న జీఎస్టీ మండలి విశ్వవిద్యాలయాలకు, పరిశోధన సంస్థలకు వచ్చే గ్రాంట్లను మినహాయించాక గాని ఆ గండం గడవలేదు. జీవకణాల మీద పనిచేసే మనిషి ఈ నోటిఫికేషన్లన్నీ చదువుతూ కూర్చోవాలా?

ఇక యూసీ. యుటిలైజేషన్ సర్టిఫికెట్ అన్న ఈ పత్రం కేంద్ర ఆర్థిక నిబంధనల్లో 12-ఏ నమూనా. పోయినేడు మిగిలినది, ఈ ఏడు వచ్చినది, వడ్డీ, ఖర్చు, మిగులు అన్నీ వరుస గడుల్లో పడతాయి. కింద సంస్థ అధిపతి, ఫైనాన్స్ అధికారి సంతకాలు. మన మచ్చు ప్రాజెక్టుకు మొదటి ఏడాది 16 లక్షలు వచ్చాయనుకుందాం. మార్చి 31 నాటికి చెల్లించిన బిల్లులు 11,40,000. మిగులు 4,60,000 అని ఫైనాన్స్ ఆఫీసు రాస్తుంది. పీఐ నోటు పుస్తకంలో మిగులు 1,70,000 మాత్రమే, ఎందుకంటే 2,90,000 రూపాయల యంత్రానికి ఫిబ్రవరిలోనే పర్చేజ్ ఆర్డరు ఇచ్చేశారు, సరుకు ఇంకా రాలేదు. రెండు లెక్కలూ సరైనవే. సరుకు చేరి స్టాకు రిజిస్టరులో ఎక్కేదాకా అది ఖర్చు కాదు. ఈ 2,90,000ను కమిటెడ్ అని విడిగా చూపించకపోతే ఇంత డబ్బు మిగిలి ఉండగా రెండో విడత ఎందుకని నిధుల సంస్థ అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు వెళ్లి, సవరించిన యూసీ చేరే లోపల ఫెలో జీతం ఆగిపోతుంది. ఖాతాలో 21,000 వడ్డీ పడి ఉన్నా ముట్టుకోవడానికి లేదు. 2017 నిబంధనల్లోని 230వ నియమం ప్రకారం వడ్డీని కేంద్ర ఖజానాకు తిరిగి కట్టాలి. ఆ నియమం తెలియక ఏ రసాయనానికో వాడిన పీఐ తర్వాత ఎక్కడినుంచి తెచ్చి కడతాడు?

యూసీ ఇవ్వడానికి నిబంధనల్లో ఆర్థిక సంవత్సరం ముగిశాక 12 నెలల గడువుంది. ఆ గడువును నమ్ముకోవద్దని నా మాట. రెండో విడత దానితో ముడిపడి ఉంటుంది గనుక ఏప్రిల్‌లో పంపిన వారికీ డిసెంబరులో పంపిన వారికీ మధ్య ఎనిమిది నెలల జీతాలున్నాయి. పైగా రిజర్వు బ్యాంకులో ఉండే ట్రెజరీ సింగిల్ అకౌంట్ పద్ధతి వర్తించే చోట డబ్బు సంస్థ చేతికే రాదు, ఖర్చు పరిమితి మాత్రమే వస్తుంది, మార్చి ముగియగానే మిగిలిన పరిమితి వెనక్కి పోతుంది. కోల్‌కతాలో దీనికి పూజా సెలవులు తోడవుతాయి. సెప్టెంబరులో నిధులు వస్తే దుర్గాపూజ, కాళీపూజ దాటి నవంబరులో కొటేషన్లు పిలవాలి. విదేశీ యంత్రమైతే అది ఓడ దిగేసరికే మార్చి వస్తుంది.

కొనుగోళ్లలో మాత్రం కాస్త ఊరట దొరికింది. 2025 జూన్‌లో కేంద్ర శాస్త్ర విభాగాల సంస్థలకు కొటేషన్లు లేకుండా కొనే పరిమితిని లక్ష నుంచి 2 లక్షలకు, కొనుగోలు కమిటీ ద్వారా కొనేదాన్ని 10 లక్షల నుంచి 25 లక్షలకు పెంచారు. ఐఏసీఎస్, బోస్ ఇన్‌స్టిట్యూట్ వంటివి ఈ గొడుగు కిందివి. జాదవ్‌పూర్, కలకత్తా విశ్వవిద్యాలయాలు రాష్ట్రానివి. అక్కడివాళ్లు ఇండెంటు రాయకముందే తమకు ఏ పరిమితి వర్తిస్తుందో ఫైనాన్స్ ఆఫీసును అడిగి తెలుసుకోవాలి.

శాస్త్రానికి డబ్బు కూడబెట్టడం ఈ నగరానికి కొత్త కాదు. మహేంద్రలాల్ సర్కార్ ఏళ్లతరబడి చందాలు పోగుచేసి 1876లో ఐఏసీఎస్‌ను నిలబెట్టారు. విశాఖలో చదువుకున్న సి.వి. రామన్ 1907లో కలకత్తా వచ్చింది అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్ ఉద్యోగానికి. పగలంతా సర్కారు లెక్కలు చూసి, ఆఫీసుకు ముందూ తర్వాతా బౌబజార్ వీధిలోని ఆ ప్రయోగశాలలో కూర్చునేవాడు. 1917లో తారక్‌నాథ్ పాలిత్ విరాళంతో ఏర్పడిన ఆచార్య పదవి కోసం తక్కువ జీతానికి ఒప్పుకుని ఆ ఉద్యోగం వదిలేశాడు. లెక్కల పద్దులు వదిలి పరిశోధనకు రావడానికి ఒక దాత డబ్బు దారి చూపింది. ఈనాటి పీఐలు ప్రయోగశాల వదిలి పద్దుల వైపు నడుస్తున్నారు.

దీనికి మందు ఓవర్‌హెడ్‌లోనే ఉంది. మన మచ్చు ప్రాజెక్టులో అది ఏడాదికి 1,25,320 రూపాయలు. అలాంటి పది ప్రాజెక్టులున్న విభాగానికి ఏడాదికి 12,53,200, అంటే నెలకు లక్ష పైచిలుకు. ప్రాజెక్టుల లెక్కలకే ఒక అకౌంటెంటును, కొనుగోళ్లకు ఒక సహాయకుణ్ని పెట్టుకోవడానికి ఆ డబ్బు సరిపోతుంది. చాలాచోట్ల అది కరెంటు బిల్లులోకీ గోడల సున్నంలోకీ వెళ్లిపోతుంది. అవీ అవసరమే, కాదనను. కానీ ఓవర్‌హెడ్‌లో కనీసం సగమైనా ఈ మనుషుల జీతాలకు పోవాలి. అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ 2023లో ఇచ్చిన 3,500 కోట్ల డాలర్లలో 900 కోట్లు ఇలాంటి పరోక్ష ఖర్చులకే వెళ్లాయి. 2025 ఫిబ్రవరిలో ఈ పరోక్ష ఖర్చుల రేటును 15 శాతానికి కుదించబోతే విశ్వవిద్యాలయాలు కోర్టుకెక్కి ఆపించాయి. మన సంస్థలకు దొరికేది సుమారు 10 శాతమే, దాన్నైనా సరైన చోట పెట్టాలి.

హైదరాబాదులో ఉన్న డీబీటీ–వెల్‌కమ్ ఇండియా అలయన్స్ 2018లో రీసెర్చ్ మేనేజ్‌మెంట్ కోసం ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. పరిశోధకుడికి, ఫైనాన్స్ ఆఫీసుకు మధ్య నిలబడి ఇద్దరి భాషా తెలిసిన మనుషులను తయారుచేయడం దాని ఉద్దేశం. 2020–21లో దేశం పరిశోధనకు పెట్టిన 1,27,381 కోట్లలో ఉన్నత విద్యా సంస్థల వాటా 8.8 శాతం, సుమారు 11,200 కోట్లు. అంత తక్కువ డబ్బులోనూ కొంత, ఇలాంటి మనుషులు లేక, ఏటా మార్చి 31న వాడకుండానే వెనక్కి వెళ్తోంది. పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ సెర్బ్ స్థానంలో వచ్చిన ఏఎన్ఆర్ఎఫ్ (అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్) 2023–28కి 50,000 కోట్ల లక్ష్యం పెట్టుకుంది. రేపు ఆ నిధుల మంజూరు ఉత్తరం వచ్చిన ప్రతి పీఐ తన రిజిస్ట్రారును ముందుగా అడగాల్సింది ఒక్కటే: ఈ ఫైలు చూసే అకౌంటెంటు పేరేమిటి, ఆయన చేతిలో ఇప్పటికే ఎన్ని ప్రాజెక్టులున్నాయి?