మోటారు పడవలో లోతుమాపక ట్రాన్స్‌డ్యూసర్ అమరిక

లోతుమాపకం (ఎకో సౌండర్) అనేది పడవ కింద నీరు ఎంత లోతు ఉన్నదో ప్రతిధ్వని ద్వారా తెలిపే పరికరం. ఇందులో ధ్వనిని పంపి, తిరిగి వచ్చిన ప్రతిధ్వనిని అందుకునే భాగాన్ని ట్రాన్స్‌డ్యూసర్ అంటారు. ఫైబర్ గ్లాస్‌తో చేసిన మోటారు పడవలలో దీనిని అడుగుకు రంధ్రం చేయకుండా, లోపలి వైపునే అతికించి, అడుగు గుండా ధ్వనిని పంపే పద్ధతి ఒకటి ఉన్నది. ఈ పద్ధతిలో స్థానం ఎంపికే ముఖ్యం. స్థానం సరిగా లేకపోతే రేవులో చక్కగా పనిచేసిన పరికరం, పడవ వేగం అందుకోగానే అంకెలు చూపడం మానివేస్తుంది. ఇసుకమేటలు, రాళ్ళు ఉన్న చోట ప్రమాదం జరిగేది అప్పుడే.

పనిచేసే విధానం

పూర్వం నావికులు సీసపు గుండు కట్టిన తాడును నీటిలోకి వదిలి లోతు కొలిచేవారు. 1912లో టైటానిక్ ఓడ మునిగిన తరువాత మంచుకొండలను ధ్వనితో పసిగట్టే ప్రయత్నాలు జరిగాయి. జర్మనీకి చెందిన అలెగ్జాండర్ బెమ్ 1913లో ప్రతిధ్వనితో లోతు కొలిచే విధానానికి పేటెంట్ పొందాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ లాంజెవిన్ ఇందుకు క్వార్ట్జ్ స్ఫటికాలను ఉపయోగించాడు. ఇప్పటి ట్రాన్స్‌డ్యూసర్లలో స్ఫటికానికి బదులు పింగాణి వంటి పదార్థపు బిళ్ళ ఉంటుంది. విద్యుత్తు ఇస్తే అది కంపిస్తుంది. ధ్వని తాకితే తిరిగి విద్యుత్తును పుట్టిస్తుంది.

సముద్రపు నీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు. పంపిన ధ్వని 0.02 సెకన్లలో తిరిగి వస్తే అది రానుపోను 30 మీటర్లు ప్రయాణించినట్లు, అనగా లోతు 15 మీటర్లు. సాధారణంగా 50, 200 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యాలను వాడుతారు. ఇవి మనిషి చెవికి వినిపించవు.

గాలితో చిక్కు

నీటి నుండి గాలిలోకి ప్రవేశించబోయే ధ్వనిశక్తిలో వెయ్యింట ఒక వంతు మాత్రమే దాటుతుంది. మిగిలినదంతా వెనుకకు పరావర్తనం చెందుతుంది. కాబట్టి ట్రాన్స్‌డ్యూసర్‌కు, బయటి నీటికి మధ్య కాగితమంత మందం గాలి పొర ఉన్నా పరికరం గుడ్డిదవుతుంది. అమరికకు సంబంధించిన నియమాలు దాదాపు అన్నీ ఈ ఒక్క విషయం నుండే వచ్చాయి.

గట్టి ఫైబర్ గ్లాస్ పలక ధ్వనిని కొంత పీల్చుకున్నప్పటికీ దాటనిస్తుంది. అయితే చాలా పడవలలో బరువు తగ్గించడానికి రెండు ఫైబర్ గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్కనో, నురుగు పలకనో పెడతారు. వీటి నిండా గాలి గదులే కనుక ధ్వని దాటదు. అటువంటి పడవలలో అడుగు ఒకే గట్టి పలకగా ఉన్న చోటును వెతకాలి. చెక్క పడవలకు ఈ పద్ధతి పనికిరాదు. ఉక్కు, అల్యూమినియం పడవలకు కూడా సాధారణంగా సరిపడదు. కాకినాడ, విశాఖపట్నం రేవులలోని చెక్క మరపడవలకు ట్రాన్స్‌డ్యూసర్‌ను బయటి వైపున అమర్చడమే మార్గం.

స్థానం ఎంపిక

వేగంగా పోయే పడవ ముందు భాగం నీటిపైకి లేస్తుంది. అన్ని వేగాలలోను నీటిని అంటి ఉండేది వెనుక భాగం, అందులోనూ నడిమి గీతకు దగ్గరి భాగం మాత్రమే. అందువలన అవుట్‌బోర్డ్ ఇంజను గల పడవలలో వెనుక గోడకు కొంచెం ముందు, నడిమి గీతకు పక్కన అమర్చడం మేలు. సరిగ్గా నడిమి గీత మీద పలక మందంగా ఉండవచ్చు. ఇంజను పడవ లోపలే ఉంటే ప్రొపెల్లర్‌కు, దాని ఇరుసుకు ముందు భాగంలో అమర్చాలి.

అడుగున బయటి వైపు పొడవుగా ఉండే గట్లు, నీరు తీసుకునే రంధ్రాలు, మరల తలలు, వీటి వెనుక బుడగల తోక సాగుతుంది. ఆ తోక మీదుగా లోపల ఎంత శ్రద్ధగా అతికించినా ప్రయోజనం లేదు. కాబట్టి పడవ గట్టు మీద ఉన్నప్పుడే అడుగును బయటి నుండి చూసి గుర్తులు పెట్టుకోవాలి. అడుగున మెట్లు ఉన్న పడవలలో ఆ మెట్లు గాలిని కిందికి లాగుతాయి కనుక మొదటి మెట్టుకు ముందే స్థానం చూడాలి. ప్రొపెల్లర్ రెక్కలు కిందికి దిగే వైపున బుడగలు తక్కువ; వెనుక నుండి చూసినప్పుడు సవ్యదిశలో తిరిగే ప్రొపెల్లర్‌కు అది కుడివైపు అవుతుంది.

మరొక సంగతి వాలు. అడుగు ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో ఉంటుంది కనుక ఏటవాలు పలక మీద నేరుగా అతికిస్తే ధ్వని పుంజం కూడా పక్కకు వాలుతుంది. పుంజం సన్నగా ఉండి 20 డిగ్రీలు వాలితే, 10 మీటర్ల లోతు దాదాపు 10.6 మీటర్లుగా కనబడుతుంది. ఉన్నదానికంటే ఎక్కువ లోతు చూపడం తక్కువ చూపడం కంటే ప్రమాదకరం. అందుకే వాలుకు తగినట్లు కోసిన గొట్టాన్ని అడుగున అతికించి, అందులో ద్రవం నింపి, ట్రాన్స్‌డ్యూసర్‌ను నిటారుగా నిలుపుతారు. ద్రవంగా ప్రొపిలీన్ గ్లైకాల్ లేదా ఖనిజ తైలం వాడుతారు.

అతికించే ముందు పరీక్ష

ఎపాక్సీ గట్టిపడిన తరువాత ఊడదీయడం కష్టం. చాలామంది దాటవేసే ఈ పరీక్షకు పట్టేది ఒక పూట మాత్రమే. పడవ నిలిచి ఉండగా ట్రాన్స్‌డ్యూసర్‌ను పక్క నుండి నీటిలో ముంచి లోతును రాసుకోవాలి. తరువాత దానిని నీరు నింపిన పలుచని ప్లాస్టిక్ సంచిలో ఉంచి, గాలి లేకుండా మూతి కట్టి, తడిపిన అడుగు మీద అనుకున్న చోట అదిమి పట్టాలి. రెండు అంకెలు ఇంచుమించు సరిపోతే ఆ పలక ధ్వనిని దాటనిస్తున్నట్లే. అంతటితో ఆగకూడదు. సంచిని కదలకుండా ఒకరు పట్టుకొనగా, మరొకరు పడవను లోతు తెలిసిన చోట క్రమంగా పూర్తి వేగం వరకు నడపాలి. ఏ వేగం వద్దనైనా అంకె మాయమైతే స్థానాన్ని కొద్దిగా మార్చి మళ్ళీ చూడాలి. సంకేతం తెగినప్పుడు కొన్ని పరికరాలు చివరి అంకెనే మినుకుమినుకుమని చూపుతాయి. దానిని నిజమైన లోతుగా భ్రమించరాదు.

అతికించడం

లోపలి రంగును గీకి, పలకను గరుకు కాగితంతో నునుపు చేసి, నూనె మరకలు తుడవాలి. నిదానంగా గట్టిపడే ఎపాక్సీని బుడగలు పుట్టకుండా మెల్లగా కలిపి పోసి, ట్రాన్స్‌డ్యూసర్‌ను తిప్పుతూ అదిమితే చిక్కుకున్న గాలి బయటికి పోతుంది. తీగను ఇంజను తీగలకు దూరంగా లాగాలి.

పరికరం కొలిచేది ట్రాన్స్‌డ్యూసర్ ముఖం నుండి లోతును మాత్రమే. ప్రొపెల్లర్ అంతకంటే అర మీటరు కిందికి ఉంటే తెరపై 1 మీటరు కనబడినప్పుడు నిజానికి మిగిలినది అర మీటరే. ఈ తేడాను పరికరంలో ముందుగా నమోదు చేయాలి. నీటి ఉష్ణోగ్రత, పడవ వేగం కొలిచే సాధనాలకు బయటి నీరు తగలాలి కనుక వాటిని లోపల అమర్చడం కుదరదు; విడిగా వెనుక గోడకు బిగిస్తారు.