సూది నుండి బిళ్ళకు

"మాస్టారండీ, మా తాతయ్యకి నిమ్ము చేసి ఆస్పత్రిలో ఉన్నాడండి. మూడు రోజులు సూదిమందు ఎక్కించి, ఇప్పుడు బిళ్ళలిస్తున్నారండి. మా దగ్గర డబ్బుల్లేవనాండీ?" అని తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు నన్నడిగాడు. ఈ అనుమానం మీకూ రావచ్చు. నిజమేమిటో చూద్దాం.

ఊపిరితిత్తుల్లోని సూక్ష్మజీవులను చంపాలంటే మందు ముందు రక్తంలో చేరాలి. సిరలోకి ఎక్కిస్తే నేరుగా చేరుతుంది. (వాడుకలో నరమంటాం గాని, అది సిర.) మింగిన బిళ్ళ మాత్రం జీర్ణకోశంలోని ఆమ్లాన్ని తట్టుకుని, ప్రేవుల గోడల గుండా రక్తంలోకి పోవాలి. తొలినాటి పెనిసిలిన్‌ను ఆ ఆమ్లం చాలావరకు పాడుచేసేది. స్ట్రెప్టోమైసిన్ ప్రేవులను దాటి రక్తంలోకి దాదాపు పోదు. అందుకే ఆ రోజుల్లో సూది తప్పేది కాదు.

ఈ పరిస్థితిని మార్చినవారిలో మన గోదావరి సీమవారొకరున్నారు. ఆయనే 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వాన పరిశోధన సాగుతుండగా, బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి బంగారు వన్నెగల ఆరియోమైసిన్‌ను రాబట్టాడు. 1948లో వెల్లడైన ఈ మందు నోటితో మింగినా పనిచేసింది. సుబ్బారావుగారు ఆ ఏడే కన్నుమూశారు. ఆ మందు కుటుంబంలోదే నేటి డాక్సీసైక్లిన్. మింగిన డాక్సీసైక్లిన్ దాదాపు అంతా రక్తంలో చేరుతుంది.

మరి మొదటిరోజే బిళ్ళ ఎందుకివ్వరు? జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు, వాంతులవుతున్నప్పుడు ప్రేవులను నమ్ముకోలేం. జ్వరం తగ్గి ఒకటి రెండు రోజులు నిలకడగా ఉండి, రోగి తిని అరిగించుకోగలిగితే బిళ్ళకు మారుస్తారు. దీనివల్ల త్వరగా ఇంటికి పోవచ్చు. మరో లాభమూ ఉంది. సిరలో ఉంచిన గొట్టం చర్మానికి తలుపు తీసినట్లే. ఆ దారిన కొత్త సూక్ష్మజీవులు చొరబడవచ్చు, సిర వాచిపోవచ్చు. అయితే మెదడు పొరల వాపు వంటి జబ్బుల్లో సాధారణంగా సూదిమందునే కొనసాగిస్తారు. ఏది తగినదో డాక్టరే నిర్ణయించాలి.

"మీ తాతయ్య కోలుకుంటున్నాడన్నమాట!" అన్నాను. కుర్రవాడి ముఖం విప్పారింది.

మీ ఇంట్లోనూ ఇలా జరిగితే, డాక్టరు చెప్పినన్ని రోజులూ బిళ్ళలు వేసుకునేలా చూడండి. డాక్సీసైక్లిన్ అయితే పాలతో ఇవ్వకండి. పాలలోని కాల్షియం మందును కొంత పట్టి ఉంచి రక్తంలోకి పోనివ్వదు. రక్తంలో చేరవలసినంత మందు చేరితే చాలు, అది ఏ దారిన వచ్చిందో సూక్ష్మజీవికి తెలియదు!