మెదడు కొమ్మల్లో కాల్షియం

కాల్షియం అనగానే ఎముకలు, పళ్ళే గుర్తొస్తాయి. ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల కాళ్ళు వంకరపోయి, నడుములు బిగుసుకుపోయిన వారిని చూసిన నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల వారికైతే మరీను. మన ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్ళలోనే ఉంటుంది. మిగిలిన ఆ ఒక్క శాతం లేకపోతే మనకు ఆలోచనే ఉండదు. అదెలాగో ఈసారి తెలుసుకుందాం.

మెదడు పైపొరను కార్టెక్స్ అంటారు. అక్కడి ఒక్కో నాడీకణం కొమ్మలు చాచిన చింతచెట్టులా ఉంటుంది. ఆ కొమ్మలే డెండ్రైట్లు. ఇతర కణాలు పంపే వేలాది సంకేతాలు వాటి మీదికి చేరతాయి. కణం లోపలి కన్నా బయట కాల్షియం సుమారు 10,000 రెట్లు ఎక్కువ. ఒకే కొమ్మకు ఒకేసారి చాలా సంకేతాలు అందితే, దాని గోడలోని సన్నని ద్వారాలు తెరుచుకుని కాల్షియం లోపలికి వస్తుంది. కణాల మధ్య బంధం గట్టిపడడానికి, అంటే నేర్చుకున్నది గుర్తుండడానికి, ఇదే తోడ్పడుతుంది.

బెర్లిన్ పరిశోధకులు మూర్ఛ, కణితి ఆపరేషన్లలో తొలగించిన మెదడు భాగాలను పరీక్షించి, 2020లో ఒక కొత్త సంగతి చెప్పారు. మనిషి మెదడులో ఈ కొమ్మలు కాల్షియంతో సొంతంగా విద్యుత్ సంకేతం పుట్టిస్తాయి. ప్రేరణ సరిపడా ఉన్నప్పుడు అది బలంగా ఉంటుంది, మరీ ఎక్కువైతే తగ్గిపోతుంది. అంటే ఒక్క కొమ్మ కూడా ఏది ఎంతో ఎంచి చూడగలదు.

"అయితే పరీక్షల ముందు పిల్లలకు కాల్షియం మాత్రలు ఇవ్వొచ్చా?" అని మమ్మల్ని అడుగుతారు. వాటితో జ్ఞాపకశక్తి పెరగదు. రక్తంలో కాల్షియం ఎంత ఉండాలో మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు చూసుకుంటాయి. తైదల జావ, పాలు, పెరుగు, ఆకుకూరలు తినండి. శుద్ధిచేసిన నీళ్ళే తాగండి. మాత్రలు డాక్టరు చెబితేనే వాడండి.

రక్తంలో కాల్షియం బాగా తగ్గితే మాత్రం నరాలు అదుపు తప్పుతాయి. పెదవుల చుట్టూ, వేళ్ళలో తిమ్మిరి, చేతులు కొంకర్లు పోవడం, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. విటమిన్ డి లోపం, కిడ్నీ జబ్బు, థైరాయిడ్ ఆపరేషన్ ఇందుకు కారణాలు కావచ్చు. ఫిట్స్‌కు ఇతర కారణాలూ ఉన్నాయి గనుక రక్తపరీక్ష చేయించాలి.

ఎవరికైనా ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టకండి, నోట్లో ఏమీ వేయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 5 నిమిషాల్లో ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఇది గాలి సోకడమూ కాదు, శాపమూ కాదు. వైద్యం ఉన్న జబ్బు.