పాత సౌర ఫలకాలకు కొత్త ఇన్వర్టర్: ఎంపికలో పాటించవలసిన మెలకువలు

పైకప్పుపై అమర్చిన సౌర ఫలకాలు సుమారు 25 సంవత్సరాలు పనిచేస్తాయి. వాటి డి.సి. విద్యుత్తును ఏ.సి.గా మార్చే ఇన్వర్టర్ మాత్రం సాధారణంగా 10 నుండి 15 సంవత్సరాలకే మార్పు కోరుతుంది. అందువలన గిడ్డంగులు, పాడిశాలలు, రైతుల ఇళ్లపై ఫలకాలు బాగుండగానే కొత్త ఇన్వర్టర్ కొనవలసి వస్తుంది. అప్పుడు చాలామంది కిలోవాట్లను మాత్రమే సరిపోల్చుతారు. నిజానికి మొదట సరిచూడవలసినది వోల్టేజి.

వోల్టేజి – ఉష్ణోగ్రత

ఫలకం వెనుక ముద్రించిన విలువలు 25 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతకు సంబంధించినవి. ఫలకం చల్లబడితే వోల్టేజి పెరుగుతుంది, వేడెక్కితే తగ్గుతుంది. ఉదయం ఇన్వర్టర్ పని ప్రారంభించక ముందు ఫలకాలపై భారం ఉండదు. కనుక చలికాలపు ఉదయం ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి అత్యధికంగా ఉంటుంది.

ఉదాహరణకు, 330 వాట్ల ఫలకాలు 13 ఒకే శ్రేణిలో ఉన్నాయనుకొందాం. ఒక్కొక్క ఫలకం ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి 46 వోల్టులు. శ్రేణి మొత్తం 598 వోల్టులు. గరిష్ఠంగా 600 వోల్టులు తట్టుకొనే ఇన్వర్టర్ దీనికి సరిపోతుందని అనిపిస్తుంది. కాని ఆదిలాబాద్ వంటి ప్రాంతంలో ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు పడిపోయినప్పుడు, డిగ్రీకి 0.31 శాతం చొప్పున 20 డిగ్రీలకు 6.2 శాతం వోల్టేజి పెరుగుతుంది. శ్రేణి వోల్టేజి 635కు చేరుతుంది. ఇన్వర్టర్ దెబ్బతినవచ్చు, పరిమితి దాటినందున వారంటీ కూడా వర్తించకపోవచ్చు.

వేసవిలో పరిస్థితి ఇందుకు భిన్నం. ఫలకం 70 డిగ్రీలకు వేడెక్కినప్పుడు, గరిష్ఠ సామర్థ్యం వద్ద ఉండే 37.5 వోల్టులు సుమారు 31కి తగ్గుతాయి. శ్రేణి మరీ చిన్నదైతే ఎం.పి.పి.టి. కనీస వోల్టేజి అందక ఉత్పత్తి తగ్గుతుంది.

పరిష్కారం

రెండు వేర్వేరు ఎం.పి.పి.టి.లు గల ఇన్వర్టర్‌ను ఎంచుకొని, ఫలకాలను 7, 6 చొప్పున రెండు శ్రేణులుగా విభజించవచ్చు. అప్పుడు చలిలో పెద్ద శ్రేణి 342 వోల్టులు దాటదు. ఎండలో చిన్న శ్రేణి సుమారు 184 వోల్టులు ఇస్తుంది. ఎం.పి.పి.టి. పరిధి 120 నుండి 500 వోల్టులైతే రెండు శ్రేణులూ ఇముడుతాయి. అసమానమైన ఈ శ్రేణులను ఒకే ఎం.పి.పి.టి.కి సమాంతరంగా కలుపరాదు. తీగల అమరిక మార్చడం వీలుకానిచోట అధిక వోల్టేజి పరిమితి గల ఇన్వర్టర్ తీసుకోవాలి.

కరెంటు – సామర్థ్యం

ఫలకాల షార్ట్ సర్క్యూట్ కరెంటు ఇన్వర్టర్ అనుమతించే విలువకు లోబడి ఉండాలి. సమాన శ్రేణులను సమాంతరంగా కలిపితే కరెంటులు కూడుతాయని గుర్తుంచుకోవాలి. పై ఫలకాల మొత్తం సామర్థ్యం 4.29 కిలోవాట్లు. వేడి వలన పూర్తి ఉత్పత్తి అరుదు కనుక 4 కిలోవాట్ల ఇన్వర్టర్ చాలును. తయారీదారు అనుమతించిన మేరకు ఫలకాల సామర్థ్యం కొంత ఎక్కువైనా ఇన్వర్టర్ ఉత్పత్తిని పరిమితం చేస్తుంది. కొద్ది యూనిట్ల నష్టమే తప్ప పరికరానికి హాని ఉండదు.

జాగ్రత్తలు

గ్రిడ్‌కు అనుసంధానించే ఇన్వర్టర్, సరఫరా నిలిచినప్పుడు తానూ నిలిచిపోయేలా ఐఎస్ 16169 పరీక్షకు లోబడినదై ఉండాలి. మార్పునకు ముందు విద్యుత్ పంపిణీ సంస్థ అనుమతి పొందాలి. ఎండ ఉన్నంతవరకు ఫలకాలలో వోల్టేజి ఉంటుంది కనుక తీగల పనిని శిక్షణ పొందినవారికే అప్పగించాలి.

కావున విస్తరణ శాస్త్రవేత్తలు ఫలకం వెనుక గల వివరాలు, శ్రేణిలోని ఫలకాల సంఖ్య, ఆ ప్రాంతపు కనిష్ఠ ఉష్ణోగ్రత నమోదు చేసుకొన్న తరువాతనే రైతుకు ఇన్వర్టర్‌ను సూచించడం మంచిది.