కంపెనీ మంచిదే, మరి మన పంట ఎవరు కొంటారు?

పై వీడియోలో గానుగ పక్కన కూర్చుని మాట్లాడాను గానీ, గాలికి మైకు సరిగ్గా పట్టలేదు. చట్టం సంగతులు కొన్ని అర్థం కాలేదని ఫోన్లు వచ్చాయి. అందుకే రాసి పెడుతున్నా.

ఇదంతా ఎక్కడ మొదలైందంటే, మా చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో పెట్టుబడి పెడతానని ఒకాయన వచ్చారు. నేను 38 మంది ప్రకృతి వ్యవసాయ రైతుల దగ్గర వేరుశనక్కాయ, నువ్వులు కొని గానుగ నూనె తీసి అమ్ముతాను. ఆయన లెక్కలన్నీ చూసి, "రైతుకి యార్డు రేటు కంటే ఎక్కువ ఎందుకు ఇస్తున్నారు? అది తగ్గిస్తే లాభం కనిపిస్తుంది కదా" అన్నారు. ఆయన్ని తప్పు పట్టను, ఆయన డబ్బు ఆయనది. కానీ రేపు సగం వాటా ఆయనదైతే ఇదే మాట సలహాలా ఉండదు. రైతు మేలు కూడా కంపెనీ పనే అని చట్టప్రకారం రాసుకునే దారి ఉందా అని అప్పుడు వెతకడం మొదలుపెట్టాను.

అమెరికాలో ఉంది. బెనిఫిట్ కార్పొరేషన్ అంటారు. 2010లో మేరీల్యాండ్ రాష్ట్రం మొదటి చట్టం చేసింది. ఇది ట్రస్టు కాదు, లాభం సంపాదించి పంచుకోవచ్చు. కాకపోతే డైరెక్టర్లు ఏ నిర్ణయం తీసుకున్నా వాటాదారులతో పాటు పనివాళ్లని, సరుకు ఇచ్చేవాళ్లని, ఊరిని, పర్యావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1996 నుంచే ఆర్గానిక్ పత్తికి మారిన పటగోనియా బట్టల కంపెనీ 2012లో కాలిఫోర్నియాలో ఇలా నమోదైంది. బీ కార్ప్ ముద్ర మాత్రం వేరే. అది బీ ల్యాబ్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్, చట్టం కాదు.

చదువుతుంటే భలే ఉంది అనిపించింది. తర్వాత హొరైజన్ ఆర్గానిక్ పాల కథ చదివాను.

హొరైజన్ బ్రాండు అప్పట్లో డానోన్ నార్త్ అమెరికాది. ఆ కంపెనీ బెనిఫిట్ కార్పొరేషనే, 2018లో బీ కార్ప్ ముద్ర కూడా తెచ్చుకుంది. 2021 ఆగస్టులో వెర్మాంట్, మెయిన్, న్యూ హాంప్‌షైర్, న్యూయార్క్ రాష్ట్రాల్లో 89 ఆర్గానిక్ పాడి కుటుంబాలకి నోటీసులు వెళ్లాయి. ఏడాది తర్వాత మీ పాలు కొనం అని. రవాణా కష్టంగా ఉందని కారణం చెప్పారు. అక్కడ నేల ఆర్గానిక్ కావాలంటే 3 ఏళ్లు, ఆవుల మందకి ఒక ఏడాది పడుతుంది. అంత కష్టపడి మారినవాళ్లు పాలని మామూలు రేటుకి పోయాలంటే ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. గొడవ పెద్దదయ్యాక గడువు ఇంకో 6 నెలలు పెంచారు. చివరికి చాలామందిని తీసుకున్నది ఆర్గానిక్ వ్యాలీ, అంటే రైతుల సొంత సహకార సంఘం.

మరి చట్టం ఏం చేసింది? డెలావేర్ చట్టం చూడండి, పెద్ద కంపెనీలు ఎక్కువగా నమోదయ్యేది ఆ రాష్ట్రంలోనే. అందరి మేలు బేరీజు వేయాలంటుంది, కానీ ఫలానా రైతు దగ్గర కొనాల్సిందే అనదు. బేరీజు వేయలేదని కేసు వేసే హక్కు వాటాదారులకే, అదీ మామూలుగా కనీసం 2 శాతం వాటా ఉన్నవాళ్లకే. పాలు పోసే రైతుకి లేదు. డానోన్ నార్త్ అమెరికా వాటాలు ఎవరివి? ఫ్రాన్సులోని డానోన్‌వే. ఇంకెవరు కేసు వేస్తారండీ!

మన దేశంలో అలాంటి కంపెనీ రకం విడిగా లేదు. కానీ 2013 కంపెనీల చట్టం 166వ సెక్షన్‌లో డైరెక్టర్లు ఉద్యోగులు, సమాజం, పర్యావరణం మేలు కూడా చూడాలని ఇప్పటికే ఉంది. నాకు తెలిసి ఏ డైరెక్టరూ దీని గురించి నిద్ర పాడు చేసుకోలేదు. రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టొచ్చు కదా అని మా చిన్నాన్న అడిగాడు. మంచిదే, కానీ అందులో సభ్యులు ఉత్పత్తిదారులే అయి ఉండాలి, బయటి పెట్టుబడి వాటా రూపంలో రాదు. నాకు కొత్త ఫిల్టరు, గోడౌను కావాలి.

అందుకని మా సీఏ గారితో కూర్చుని రెండు పనులు చేశాం.

ఒకటి రైతుల వాటా. ఆర్టికల్స్ మార్చాలంటే ప్రత్యేక తీర్మానం కావాలి, దానికి 75 శాతం ఓట్లు పడాలి. 38 మందికి కలిపి 26 శాతం వాటా ఇచ్చి, కొనుగోలు ధర ఎలా కట్టాలో ఆర్టికల్స్‌లోనే రాశాం. వాళ్లంతా కలిసి వద్దంటే మార్పు ఆగిపోతుంది. కొత్త షేర్లు ఇచ్చినప్పుడు ఈ 26 కరిగిపోకూడదు. ఆ చిల్లు సీఏ గారు పట్టుకున్నారు, నాకు తట్టనే లేదు. దానికి ఆర్టికల్స్‌లో గట్టి తాళం లాంటి షరతు పెట్టొచ్చు, 5వ సెక్షన్ ఒప్పుకుంటుంది. కాకపోతే నడుస్తున్న ప్రైవేట్ కంపెనీలో అది చేర్చాలంటే సభ్యులందరూ ఒప్పుకోవాలి. పెట్టుబడిదారు లోపలికి రాకముందే చేసుకోవాలండీ, వచ్చాక ఆయన సంతకం కూడా కావాలి.

రెండోది రైతుతో రాసుకునే ఒప్పందం. కొనడం ఆపేయాలంటే విత్తనం వేసే ముందే చెప్పాలి, వేశాక చెప్తే ఆ పంట పూర్తిగా మేమే కొనాలి.

ఈ కాగితాలన్నీ ఆ పెట్టుబడిదారుకి పంపాను. చదివి చెప్తానన్నారు, మూడు వారాలైంది. ఫిల్టరు మాత్రం ఇంకా పాతదే నడుస్తోంది.