సోలార్ పెట్టె కాలితే చేను ఎండాల్సిందేనా?

అద్దంకి బ్రాంచి కాలువ చివరి భూముల్లో మిరప వేసిన రైతుకు కాలువ నీటి మీద ధీమా తక్కువ. బోరే దిక్కు. బోరు మీద సోలార్ మోటారు పెట్టుకున్నవాళ్ళకు కరెంటు కోత బాధ తప్పింది, నిజమే. కానీ కొత్త బాధ ఒకటి వచ్చి పడింది. ఎండ కాస్తూనే ఉంటుంది. బోరులో నీళ్ళుంటాయి. మోటారు బాగానే ఉంటుంది. నీళ్ళు మాత్రం రావు. పలకల కింద స్తంభానికి బిగించిన పెట్టె, ఇన్వర్టరనీ కంట్రోలరనీ ఎవరికి తోచినట్టు వాళ్ళు పిలిచేది, మూగబోయి ఉంటుంది.

"బోర్డు పోయిందయ్యా, పెట్టె మొత్తం మార్చాలి" అనే మాటే ఎక్కడైనా వినపడేది. పెట్టె ఖరీదు వేలల్లో. అది వచ్చేదాకా పూత మీదున్న మిరప ఆగుతుందా? పూత రాలితే కాయ లేదు, కాయ లేకపోతే కోత కూలి లేదు. కనుక ఇది పెట్టె కొన్న ఆసామి ఒక్కడి గొడవ కాదు. కౌలు కట్టిన రైతుది, కాయ కోతకు ఎదురుచూసే కూలీలది కూడా.

పెట్టెలో ఉన్నదేమిటి?

పలకల నుంచి వచ్చేది ఒకే దిక్కున పారే కరెంటు, అంటే డీసీ. బోరు మోటారుకు కావలసింది త్రీ ఫేజ్ ఏసీ. ఆ మార్పు చేసేది ఐజీబీటీలనే ఆరు స్విచ్చులు, ఫేజుకు రెండు చొప్పున. ఇవి సెకనుకు కొన్ని వేలసార్లు తెరుచుకుని మూసుకుంటాయి. ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో చెప్పేది డ్రైవర్ సర్క్యూట్. ఒడిదుడుకులు తగ్గించేందుకు నీళ్ళ తొట్టిలా కరెంటును నిలవ ఉంచేవి పెద్ద కెపాసిటర్లు.

మన వేసవిలో రేకు పెట్టె లోపలి వేడి మనిషి చెయ్యి పెట్టలేనంత. కెపాసిటర్‌కు పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని మెకానిక్కులు వేసే లెక్క. దీనికి తోడు దుమ్ముతో బిగుసుకుపోయిన ఫ్యాను, బోర్డు మీదికి పాకిన చీమలు, బల్లులు. ఇన్ని జరిగినా పోయేది సాధారణంగా ఒకటి రెండు ముక్కలే.

ముందు ప్రాణం

మెకానిక్ మిత్రులారా, ఒక మాట. ఒక్కో పలక 40 వోల్టులకు పైగా ఇస్తుంది. 5 హెచ్‌పీ మోటారుకు పదిహేను పలకలు వరుసన కలిపితే 600 వోల్టులు దాటుతుంది. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నా అవుతుంది. డీసీ అలా కాదు. తీగ లాగితే నిప్పు అంత తేలిగ్గా ఆరదు. లోడు మీద ఉండగా కనెక్టరు పీకవద్దు. డీసీ స్విచ్చి ఆపి, కనీసం పది నిమిషాలు ఆగి, కెపాసిటర్ల మీద వోల్టేజి మీటరుతో చూసి, అప్పుడే చెయ్యి పెట్టాలి. అనుభవం లేనివాళ్ళు అసలు మూత తీయవద్దు.

వరుసగా వెతకాలి

మూత తీయకముందే పలకల దుమ్ము, వదులైన కనెక్టర్లు, ఫ్యూజు, ఎర్తు చూడాలి. తెర మీద కనిపించే తప్పు నంబరు రాసుకోవాలి. బోరులో నీళ్ళు తగ్గినా పెట్టె తనంతట తానే ఆగిపోతుంది. అది జబ్బు కాదు, జాగ్రత్త.

మూత తీశాక ముందు కళ్ళతో చూడాలి. తల ఉబ్బిన కెపాసిటర్, నల్లబడ్డ చోటు, పగిలిన టంకం కనిపిస్తాయి. పెద్ద కెపాసిటర్లు రెండేసి వరుసన కలిపి ఉంటే రెండూ కలిపి మార్చాలి. ఒకటి బలహీనపడితే భారం రెండోదాని మీద పడుతుంది. 105 డిగ్రీలు అని రాసి ఉన్నవే వేయాలి.

తర్వాత ఐజీబీటీలు. మీటరు డయోడ్ గుర్తు మీద పెట్టి చూస్తే, మంచిదైతే ఒకవైపు కొద్దిపాటి రీడింగు చూపి రెండోవైపు చూపదు. రెండువైపులా సున్నా చూపితే షార్టయిపోయింది. అయితే అది మార్చి ఊరుకుంటే కొత్తది కూడా క్షణంలో పోతుంది. దాన్ని నడిపే గేట్ రెసిస్టరు, డ్రైవర్ ఐసీ బాగున్నాయో లేదో తేల్చుకోవాలి. వేడి లాగే పేస్టు కొత్తగా పూయాలి.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మోటారు తీసేసి, ఒకే వాటేజి ఉన్న 230 వోల్టుల ఫిలమెంటు బల్బులు మూడు వరుసన కలిపి, వాటి ద్వారా ఇవ్వాలి. బల్బులు ఒకసారి మెరిసి మసకబారితే మంచిదే. వెలుగుతూనే ఉంటే ఇంకా షార్టున్నట్టే. బల్బులు మీ కష్టాన్ని కాపాడతాయి.

అడగాల్సినవి

2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకం కింద పెట్టిన పంపుసెట్లకు ఐదేళ్ళ నిర్వహణ బాధ్యత సరఫరాదారుదే. ఆ గడువులో సీలు విప్పవద్దు. ఫిర్యాదు రాయించి నంబరు తీసుకోవాలి. గడువు దాటాకే అసలు సమస్య. పలకలు పాతికేళ్ళు పనిచేసేవి. మధ్యలో పెట్టె పోతే మిగిలినదంతా ఇనుప సామానేనా?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. ఆ జాబితాలో వ్యవసాయ పనిముట్లు కూడా ఉన్నాయి. దాని అర్థం పొలం దాకా రావాలంటే కంపెనీలు సర్క్యూట్ పటం ఇవ్వాలి, విడిభాగాలు అమ్మాలి. ఐటీఐల్లో ఈ పని నేర్పాలి. మన ఊళ్ళ కూలీల పిల్లలకు అదొక బతుకుతెరువు. భూమి యజమాని పేరున ఉన్న పంపుసెట్టు మీద కౌలు రైతు చేసే ఫిర్యాదునూ తీసుకోవాలి. ఇవి గ్రామసభల్లో అడగాలి, అర్జీల్లో రాయాలి. పోయింది ఒక్క ముక్కయినప్పుడు పెట్టె మొత్తం ఖరీదు ఎందుకు కట్టాలని నిలదీయాలి.