ఒంట్లో ఉప్పు ఎందుకు నిలుస్తుంది?
కిడ్నీ పంపే తప్పుడు కబురు

బరంపురం: పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు. సాయంత్రానికి చెప్పులు కాళ్లకు పట్టవు. ‘వయసొచ్చింది, నీరు దిగిందిలే’ అని సరిపెట్టుకునే ఇళ్లు చాలానే ఉన్నాయి. సరిహద్దు దాటితే ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట. కిడ్నీ మాట వింటేనే ఉలిక్కిపడే ఉద్దానం. అక్కడి జబ్బుకు అసలు కారణం ఇంకా ఖాయంగా తేలలేదు. అయితే కిడ్నీ జబ్బుల్లో చాలావరకు ఉప్పు ఒంట్లో ఎందుకు నిలిచిపోతుందో మాత్రం డాక్టర్లకు బాగా తెలుసు.

రెనిన్ మొదలెడుతుంది..

కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అందులోని సోడియంలో దాదాపు 99 శాతం తిరిగి రక్తంలోకే వెళ్తుంది. రక్తం చాలడం లేదనిపిస్తే కిడ్నీ రెనిన్‌ను వదులుతుంది. దాంతో తయారయ్యే యాంజియోటెన్సిన్ రక్తనాళాలను బిగిస్తుంది. కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల చేత ఆల్డోస్టిరాన్ విడుదల చేయిస్తుంది. ఈ హార్మోన్ ఉప్పును వెనక్కి లాగి, పొటాషియాన్ని మూత్రంలోకి పంపుతుంది. ఉప్పు వెంటే నీరూ నిలుస్తుంది. రెనిన్ సంగతి 1898లో, ఆల్డోస్టిరాన్ సంగతి 1953లో బయటపడ్డాయి.

వాంతులు, విరేచనాలప్పుడు ప్రాణం నిలబెట్టేది ఈ ఏర్పాటే. పాడైన కిడ్నీలో మాత్రం ఇదే ఎదురు తిరుగుతుంది. మచ్చలు పడిన భాగాలకు రక్తం సరిగా అందదు. ఒంట్లో ఉప్పు నిండుగా ఉన్నా ‘చాలడం లేదు’ అని అవి కబురు పంపుతూనే ఉంటాయి. బీపీ పెరుగుతుంది. ఆ బీపీ మిగిలిన కిడ్నీని కూడా తినేస్తుంది.

మాత్ర ఒక్కటే చాలదు

ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ వంటి మందులు ఈ గొలుసును మధ్యలో తెంచుతాయి. బీపీ దిగింది కదా అని సొంతంగా మానేయకూడదు. ఉప్పు ఎక్కువైతే మందు బలం తగ్గుతుంది. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాముల లోపే, అంటే చిన్న చెంచాడు కూడా దాటకుండా తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆవకాయ, అప్పడం, ఎండుచేప కూడా ఆ లెక్కలోవే.

ఇంకో ముఖ్యమైన సంగతి. ‘సోడియం తక్కువ’ అని అమ్మే ఉప్పులో సాధారణంగా పొటాషియం కలుపుతారు. కిడ్నీ జబ్బున్నవాళ్లు, పైగా ఈ మాత్రలు వాడేవాళ్లు అది తింటే పొటాషియం పేరుకుని గుండెకే ముప్పు రావచ్చు. డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రల్లో చాలావాటితోనూ ఉప్పు నిలుస్తుంది, కిడ్నీ దెబ్బతింటుంది.

వాపులన్నీ కిడ్నీవి కావు. బీపీ చూపించుకుని, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయిస్తే చాలావరకు తేలిపోతుంది. చెప్పులు బిగుతైతే పెద్ద సైజు కొనేముందు ఆస్పత్రికి వెళ్లిరావడం మేలు.